పరధ్యానం – బాలబాలికలలో మందగించే అవధానం

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం తరగతిలో మూడవ వరుసలో, కిటికీ ప్రక్కన కూర్చుండే విద్యార్థి ఒకడు మాకు బాగా గుర్తున్నాడు. కోరుట్ల నుండి ప్రతిదినం బస్సులో జగిత్యాలకు వచ్చేవాడు. అల్లరి ఎరుగడు. హాజరు పట్టీలో లోపం లేదు. కాని పేరు పిలిచిన తర్వాత ప్రక్కవాడు మోచేతితో పొడిస్తే గాని "హాజర్" అనేవాడు కాదు. నల్లబల్లపై ఉన్నది వ్రాసుకొమ్మంటే, తోటివారు పేజీ త్రిప్పే వేళకు అతడు తేదీ వేసి, మార్జిను గీసి, కలం చేతబట్టుకొని కిటికీ బయటకు చూస్తూ ఉండేవాడు. అర్ధసంవత్సర పరీక్షలో ఐదు ప్రశ్నలకు గాను రెండింటికే జవాబులు వ్రాసినాడు. ఆ రెండు జవాబులలో తప్పులు లేవు. ఆ సంగతి మేము అప్పుడు గమనించలేదు. ప్రగతి పత్రంపై "శ్రద్ధ లేదు, సోమరి" అని వ్రాసి సంతకం చేసినాము. ఆ రెండు మాటలూ తప్పని తర్వాత తెలిసివచ్చినది. అందువలననే ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చినది.

ఇటువంటి పిల్లలను గూర్చి మన రెండు భాషలలోను మాటలకు కొదువ లేదు. తెలుగులో పరధ్యానం అంటాము, పరాకు అంటాము. మన జిల్లాలలో తల్లి విసుగు చెందినప్పుడు "నీ సోయి ఎక్కడున్నది బిడ్డా" అని అడుగుతుంది. ఉర్దూ పాఠశాలలో ఉస్తాద్ గారు "తవజ్జో నహీఁ హై" అంటారు. కోపం ఎక్కువైతే "కుంద్ జెహన్" అంటారు. చూడగా ఈ మాటలలో రెండు జాతులు కలవు. పరధ్యానం, సోయి, తవజ్జో అన్నవి మనస్సు ఎక్కడున్నదో చెప్పేవి. మొద్దు, సోమరి, కుంద్ జెహన్ అన్నవి ఆ మనిషి ఎటువంటివాడో తీర్పు చెప్పేవి. మొదటి జాతి మాట అనవలసిన చోట రెండవ జాతి మాట అనడంలోనే పెద్దల పొరపాటు ఉన్నది.

పాశ్చాత్య దేశాల మనోవైద్యులు ఈ స్థితికి స్లగ్గిష్ కాగ్నిటివ్ టెంపో అని పేరు పెట్టినారు. ఆలోచన యొక్క నడక మందగించడం అని దాని భావం. పగటి కలలు కనడం, శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, తగినంత నిద్రపోయినా మత్తుగా ఉన్నట్లు కనిపించడం, చెప్పబోయిన మాట మధ్యలో జారిపోవడం, మనస్సంతా మంచు పట్టినట్లు ఉండడం, చేసే పని నిదానంగా సాగడం, తనంతట తాను ముందుకు రాకపోవడం దీని లక్షణాలు. ఏదో ఒక రోజు ఇట్లు ఉండనివారు మనలో ఎవరున్నారు? నెలల తరబడి, ఇంట్లోను బడిలోను కూడా ఇదే తీరు కనిపించి, చదువుకు, స్నేహాలకు అడ్డు వచ్చినప్పుడే దీనిని సమస్యగా భావించాలి.

ఈ సంగతి క్రొత్తది కాదు. స్కాట్లండుకు చెందిన వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లో ప్రకటించిన గ్రంథంలో అవధానం రెండు విధాలుగా చెడుతుందని వ్రాసినాడు. ఒకటి, ప్రతి చిన్న చప్పుడుకు చలించిపోయే మనస్సు. రెండవది, దేనిపైనా నిలుచుటకు చాలినంత శక్తి లేని మనస్సు. హైన్రిఖ్ హాఫ్‌మన్ అనే జర్మన్ వైద్యుడు 19వ శతాబ్ది మధ్యకాలంలో పిల్లల కొరకు వ్రాసిన బొమ్మల పుస్తకంలో కూడా ఈ ఇద్దరు ఉన్నారు. ఒకడు భోజనాల బల్ల వద్ద కుదురుగా కూర్చోలేని ఫిలిప్. రెండవవాడు ఆకాశం వైపు చూస్తూ నడచి నీళ్ళలో పడిన హాన్స్. కాలక్రమాన వైద్య శాస్త్రం ఫిలిప్ వెంట పోయి హాన్స్‌ను మరచిపోయినది. ఫిలిప్ బల్లగుడ్డ లాగి గిన్నెలు పడవేస్తాడు, కావున అందరూ అతనినే చూస్తారు. లండన్‌లో జార్జ్ స్టిల్ 1902లో ఇచ్చిన ప్రసిద్ధ ఉపన్యాసాలు కూడా ఎక్కువగా అదుపు తప్పిన పిల్లలను గూర్చినవే.

1980లో అమెరికన్ మనోవైద్య సంఘం తన వ్యాధుల పట్టికలో అవధాన లోపాన్ని చేర్చి, చంచలత్వంతో కూడినది, చంచలత్వం లేనిది అని రెండుగా విభజించినది. చంచలత్వం లేని పిల్లలను పరిశీలిస్తూ బెంజమిన్ లేహీ మొదలైన పరిశోధకులు ఆ దశాబ్దంలోనే ఒక విశేషం గుర్తించినారు: మందకొడితనం, మత్తు, పగటి కలలు ఒక గుంపుగా కనిపిస్తున్నాయి, అజాగ్రత్త, మరుపు వేరొక గుంపుగా కనిపిస్తున్నాయి. 1994లో ఆ పట్టిక నాలుగవ కూర్పు వెలువడక ముందు ఈ లక్షణాలను చేర్చవలెనా అని పరిశీలించి, చివరకు చేర్చలేదు. 2013 నాటి ఐదవ కూర్పులో కూడా దీనికి చోటు దొరకలేదు. అయినను పరిశోధన ఆగలేదు. రస్సెల్ బార్క్‌లీ, స్టీఫెన్ బెకర్ మొదలైనవారు చేసిన పనుల వలన ఇది చంచలత్వంతో కూడిన అవధాన లోపానికి దగ్గరి చుట్టమే గాని అదే కాదని తేలినది. కొందరు పిల్లలలో రెండూ ఉంటాయి, కొందరిలో ఒకటే ఉంటుంది. 'స్లగ్గిష్' అన్న మాట పిల్లలను కించపరచేదిగా ఉన్నదని, కాగ్నిటివ్ డిస్‌ఎంగేజ్‌మెంట్ సిండ్రోమ్ అని పిలవడం మేలని బెకర్ ప్రముఖుడుగా గల ఒక నిపుణుల బృందం ఇటీవల సూచించినది. మనస్సు ఎదుటి పని నుండి విడివడిపోవడం అని దాని అర్థం. మన 'పరధ్యానం' ఆ భావాన్ని ఎంతో ముందుగానే చెప్పినది గదా అని మాకు అనిపించినది.

ఈ రెండు సమస్యలకు గల భేదం తెలియుటకు మన అష్టావధానం మంచి ఉపమానం. అవధాని చుట్టూ కూర్చున్న ఎనిమిది మంది పృచ్ఛకులలో అప్రస్తుత ప్రసంగి ఒకడు. సంబంధం లేని ప్రశ్నలు వేసి అవధాని దృష్టిని మళ్ళించడమే అతని పని. చంచలుడైన పిల్లవానికి అప్రస్తుత ప్రసంగి బయట ఉంటాడు. కిటికీ దగ్గర పిట్ట, ప్రక్క బెంచీలో గుసగుస, వీధిలో ఐస్ బండి గంట, అన్నీ అతనిని లాగుతాయి. పరధ్యానపు పిల్లవానికి అప్రస్తుత ప్రసంగి లోపలనే కూర్చొని ఉంటాడు. గది ఎంత నిశ్శబ్దంగా ఉన్నా ఆ ప్రసంగం ఆగదు. మొదటివాడు తొందరపడి తప్పులు చేస్తాడు; రెండవవాడు ఆలస్యం చేసి పని మిగుల్చుకొంటాడు. మొదటివాడు కొట్లాటలకు పోతాడు; రెండవవాడు ఆటస్థలంలో గోడ ప్రక్కన నిలబడతాడు. దిగులు, భయం, ఒంటరితనం రెండవవానిలో ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. బాలికల సంగతి మరీ విచారకరం. మాట్లాడకుండా కూర్చున్న బాలికను మనం "బుద్ధిమంతురాలు" అని మెచ్చుకొంటాము. ఆమెకు పాఠం అందడం లేదని ఫలితాలు వచ్చిన నాడు తెలుస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. ఇది నేటికీ అధికారిక వ్యాధి పట్టికలో లేదు. బాల్యంలోని ప్రతి పగటి కలకు ఒక రోగం పేరు, ఒక మాత్ర తయారవుతాయేమో అని అమెరికాలోనే కొందరు మనోవైద్యులు 2014లో విమర్శించినారు. ఆ విమర్శ తోసివేయదగినది కాదు. మన ప్రాంతంలో ఈ పేరు నోట పలుకక ముందు పరీక్షించి చూడవలసిన కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటిని వదలి పేరు తగిలించడం సోమరి అనడం కంటే గొప్ప పని కాదు.

మొట్టమొదటిది నిద్ర. 13 నుండి 18 సంవత్సరాల వయస్సు వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలని నిద్రా శాస్త్రజ్ఞుల నిర్ణయం. కౌమారంలో దేహంలోని గడియారమే కొంత వెనుకకు జరుగుతుంది కావున రాత్రి త్వరగా నిద్ర రాదు. దీనికి తోడు మన ఇండ్ల పరిస్థితి చూడండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్‌లకు పోయిన తండ్రులు వేలాది మంది. సౌదీ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ క్యాంపులో వంట, భోజనం ముగించుకొని తండ్రి 9 గంటలకు ఫోను చేస్తే ఇక్కడ 11:30 అవుతుంది. ఆ ఫోను కొరకు పిల్లలు మేల్కొని ఉంటారు. మేల్కొనవద్దని ఎవరు అనగలరు? మాట్లాడిన పిదప కూడా వెంటనే నిద్ర పట్టదు. బీడీలు చుట్టే ఇండ్లలో వెయ్యి బీడీల లెక్క పూర్తి కావడానికి తల్లితోపాటు ఆడపిల్లలు రాత్రి పొద్దుపోయే దాకా ఆకు కత్తిరిస్తూ కూర్చుంటారు. ఇక సెల్‌ఫోన్లు పేద, ధనిక భేదం లేకుండా అందరి నిద్రనూ తింటున్నాయి. నిద్ర తగ్గిన కౌమారులలో మత్తు, అవధాన లోపం పెరుగుతాయని ప్రయోగాలలో రుజువైనది. రంజాన్ మాసంలో సహరీకి లేచి, రోజా ఉండి తరగతికి వచ్చిన విద్యార్థి మధ్యాహ్నం తూలితే అది రోగం కాదని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ నెలలో ఎవరిని గూర్చీ తీర్పు వ్రాయరాదు.

సిరిసిల్ల సంగతి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. అక్కడి వాడలలో మరమగ్గాలను సాంచాలు అంటారు. అనేక చోట్ల కార్ఖానా, ఇల్లు ఒకే గోడకు అటు ఇటు ఉంటాయి. మరమగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్‌కు మించడం సాధారణం. సాంచాలు నడిచిన నాడే అన్నం దొరుకుతుంది కావున ఆ చప్పుడు ఆగడం ఏ ఇంటికీ ఇష్టం కాదు. ఆగిన సంవత్సరాలలో అక్కడ ఎన్ని కుటుంబాలు చితికిపోయినాయో రాష్ట్రమంతా ఎరుగును. కాని ఆ చప్పుడులో చదివే పిల్లల సంగతి ఏమిటి? న్యూయార్కులో ఒక పాఠశాల రైలు వంతెన ప్రక్కనే ఉండేది. ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు అక్కడి పిల్లలను పరిశీలించి 1975లో ఫలితాలు ప్రకటించినారు. రైలు వైపు గదులలో చదివిన ఆరవ తరగతి పిల్లలు, అదే బడిలో అవతలి వైపు గదులలోని వారి కంటే చదివే శక్తిలో దాదాపు ఒక సంవత్సరం వెనుకబడి ఉన్నారు. పిమ్మట పట్టాల క్రింద రబ్బరు మెత్తలు వేసి, గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చే పలకలు అమర్చినారు. 1981లో తిరిగి పరిశీలించగా ఆ భేదం కనిపించలేదు. లోపం పిల్లలలో ఉండి ఉంటే రబ్బరు మెత్తతో పోయేది కాదు గదా. అటువంటి చప్పుడు మధ్య పెరిగినవాడు ఎదుటివాని మాట వినకుండా ఉండడం అలవరచుకొంటాడు. అది అతని చెవులకు అతడు చేసుకొన్న రక్షణ. తరగతిలో అధ్యాపకుని మాట కూడా ఆ వడపోతలోనే పోతుంది. వినికిడి శక్తి తగ్గినదా అని పరీక్షించడం కూడా ఇక్కడ తప్పనిసరి.

రెండవది రక్తహీనత. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 సంవత్సరాల బాలికలలో 59 శాతం, అదే వయస్సు బాలురలో 31 శాతం రక్తహీనులు. ఇనుము తక్కువైతే అలసట, మత్తు, ఏకాగ్రత లేకపోవడం కలుగుతాయి. అంటే పరధ్యానం లక్షణాలలో సగం. ప్రభుత్వ పాఠశాలలలో వారానికి ఒకసారి ఇచ్చే నీలిరంగు మాత్రను కిటికీ బయట పారవేసే విద్యార్థులను మేము ఎరుగుదుము. వికారం పుడుతుందని వారి ఫిర్యాదు. భోజనం చేసిన తర్వాత వేసుకొంటే ఆ బాధ చాలావరకు ఉండదు. థైరాయిడ్ గ్రంథి మందగించినా, చూపు తగ్గినా ఇటువంటి లక్షణాలే కనిపించవచ్చును.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం కూడదు. కొందరు పిల్లలు మాట మధ్యలో పది పదిహేను క్షణాలు బొమ్మవలె నిలిచిపోతారు. కండ్లు తెరచే ఉంటాయి, రెప్పలు కొద్దిగా అదరుతాయి. తర్వాత ఏమీ జరుగనట్లు పని సాగిస్తారు. రోజుకు అనేక మార్లు ఇట్లు జరుగవచ్చును. పరధ్యానంలో ఉన్నవానిని భుజం తట్టి పిలిస్తే పలుకుతాడు; వీరు ఆ క్షణాలలో పలుకరు. ఇది మూర్ఛ వ్యాధిలో ఒక రకం. క్రింద పడడం, నురగ రావడం ఉండవు కావున ఎవరూ మూర్ఛ అనుకోరు. మెదడు విద్యుత్ పరీక్షతో తెలిసిపోతుంది; మందులతో చాలామందికి నయమవుతుంది.

మరి మన కళాశాలకే ప్రత్యేకమైన కారణం ఒకటి ఉన్నది. అది భాష. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు 'జియాయీ తాలీఫ్' అని నేర్చుకొంటాడు. తెలుగు మాధ్యమం నుండి వచ్చినవానికి అది 'కిరణజన్య సంయోగక్రియ'. ఇంటర్మీడియట్‌లో ఇద్దరికీ అది 'ఫోటోసింథసిస్' అవుతుంది. అధ్యాపకుడు ఆ మాట పలికినప్పుడు వీరు దానిని తమ భాషలోకి త్రిప్పుకొని, అర్థం చేసుకొని, జవాబును మరల ఆంగ్లంలోకి త్రిప్పవలెను. ఆ కొద్ది క్షణాలలో పాఠం రెండు వాక్యాలు ముందుకు పోతుంది. నాలుగు మార్లు ఇట్లు జరిగిన పిదప మనస్సు వెంటపడడం మానివేసి కిటికీ బయటకు పోతుంది. చూచేవారికి ఇది పరధ్యానమే. తేల్చుకొనుటకు సులభమైన మార్గం ఉన్నది. అదే ప్రశ్నను అతని మాతృభాషలో నోటితో అడిగి చూడవలెను. వేగం తిరిగి వస్తే అది అవధాన లోపం కాదు. ఉర్దూలో, తెలుగులో, ఇంటి మాటలలో కూడా అదే మందగమనం ఉంటే అప్పుడు ఆలోచించవలెను. మాకు తెలిసినంతలో మన జిల్లాలలో మందబుద్ధులని పేరుబడినవారిలో అనేకులు భాష వద్ద ఆగిపోయినవారే.

మేము మొదట చెప్పిన విద్యార్థి విషయంలో ఈ కారణాలు ఒకటి కాదు, మూడు ఉన్నట్లు తెలిసినది. తండ్రి సౌదీలో ఉన్నాడు. రాత్రి ఫోను వచ్చేదాకా నిద్ర లేదు. రక్త పరీక్షలో హెమోగ్లోబిన్ తక్కువగా ఉన్నది. పదవ తరగతి ఉర్దూ మాధ్యమంలో చదివినాడు. తండ్రి శుక్రవారం సెలవు నాడు మాత్రమే తీరికగా మాట్లాడేటట్లు తల్లి ఏర్పాటు చేసినది. మూడు నెలలు ఇనుము మాత్రలు వాడినాడు. ముఖంలో మత్తు తగ్గినది. అయితే పరధ్యానం పూర్తిగా పోలేదు. ఉర్దూలో అడిగినా రెండవ వాక్యం వద్ద అతని చూపు మరెక్కడికో పోయేది. చిన్ననాటి నుండి అంతేనని తల్లి చెప్పినది. రెండవ తరగతిలో ఉస్తాద్ గారు "ఈ పిల్లవాడు ఇక్కడ ఉండడు" అన్నారట. కారణాలన్నీ తీసివేసిన పిదప మిగిలిన ఈ భాగమే మనం చెప్పుకొంటున్న స్థితి.

దీనికి ప్రత్యేకమైన మందు నేటి వరకు స్థిరపడలేదు. చంచలత్వం గల పిల్లలలో చాలామందికి పనిచేసే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు, మందకొడితనం ఎక్కువగా ఉన్నవారికి అంతగా పనిచేయడం లేదని 2018లో ఒక పరిశీలన వెలువడినది. కావున మందుల దుకాణంలో అడిగి కొనే ఆలోచన ఎవరికీ రాకూడదు. ఉపకరించేది పని చెప్పే తీరును మార్చడం. ఐదు ప్రశ్నల కాగితం ఒక్కసారి ఇవ్వక, ఒక్కొక్కటి ఇచ్చి, ముగించిన వెంటనే తరువాతది ఇవ్వడం. పేరు పిలిచి, కండ్లు కలిసిన తర్వాతనే మాట మొదలుపెట్టడం. చెప్పిన పనిని అతని నోట మరల చెప్పించడం. కిటికీ దగ్గర నుండి మొదటి వరుసకు మార్చడం. ఎదుట ఒక గడియారం ఉంచడం. అందరి ముందు "మేలుకో" అని కేక వేయడం వలన ఒక్క లాభమూ లేదు. ఆ కేకకు తరగతి నవ్వుతుంది, అతడు మరింత లోపలికి పోతాడు. బల్లపై రెండు మార్లు మెల్లగా తట్టడం మా ఇద్దరి మధ్య సంకేతంగా పెట్టుకొన్నాము. రెండవ సంవత్సరం అర్ధసంవత్సర పరీక్షలో అతడు ఐదింటిలో నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాసినాడు.

కళాశాల కార్యవర్గం వారికి ఇందు మూలముగా మా విన్నపాలు కొన్ని. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో అభ్యసన లోపాలకు స్థానం ఉన్నది గాని ఈ స్థితికి లేదు. కావున బోర్డు పరీక్షలలో అదనపు సమయం కోరడానికి ఇది ఆధారం కాదు. అయితే కళాశాలలో మనం నిర్వహించుకొనే పరీక్షలలో అరగంట ఎక్కువ ఇవ్వడం మన చేతిలోని పని. ప్రవేశాలు ముగిసిన మొదటి నెలలోనే చూపు, వినికిడి, రక్త పరీక్షలు జరిపించవచ్చును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థలలోని 18 సంవత్సరాల లోపు వారికి వర్తిస్తుంది. అవధాన లోపం, వినికిడి లోపం దాని పట్టికలోనే ఉన్నాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి కావున మునుపటి వలె ప్రతి చిన్న పరీక్షకు హైదరాబాదు పోవలసిన అగత్యం తగ్గినది. దిగులు, నిద్రలేమి గల విద్యార్థులు గాని వారి తల్లిదండ్రులు గాని 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడుతారు; 2022 అక్టోబరులో ఆరంభమైన ఈ సేవ తెలుగులోను లభిస్తుంది. ప్రగతి పత్రంలో "సోమరి" అన్న మాట వ్రాయుటకు ముందు, ఆ విద్యార్థి వ్రాసిన జవాబులు ఎన్ని, వాటిలో ఒప్పులు ఎన్ని అన్న రెండు అంకెలు వేరువేరుగా నింపే గడులు ఆ పత్రంలో చేర్చవలెనని అధ్యాపకుల సమావేశంలో మేము ప్రతిపాదించబోతున్నాము.